ముఖం చెప్పలేనిది నోటితో చెప్పండి

పార్కిన్సన్స్ జబ్బు అనగానే మనకి ఒక తాతగారు కళ్ళ ముందు మెదులుతారు. చేయి వణుకుతూ ఉంటుంది. కాఫీ కప్పు సాసర్లో టకటకలాడుతూ ఉంటుంది. చాలామందికి ఈ జబ్బు అరవై దాటాకే వస్తుంది. నిజమే. కానీ ముప్ఫై అయిదుకీ నలభైకీ వచ్చేవాళ్ళూ ఉన్నారు. యాభై లోపు మొదలైతే వైద్యులు దాన్ని చిన్న వయసు పార్కిన్సన్స్ అని విడిగా చూస్తారు. ఆ వయసు మనిషి ఇంట్లో ఎవరుంటారు? రెండో తరగతి చదివే ఆడపిల్ల ఉంటుంది. ఇంకా ఒళ్ళో కూర్చుని అన్నం తినే పిల్లాడు ఉంటాడు. ఇవాళ నేను మాట్లాడేది ఆ పిల్లల గురించి. రోగి సంగతి వైద్యులు చూస్తారు. పిల్లల సంగతి చాలా ఇళ్ళలో ఎవరికీ తట్టదు.

ఒక్కటే విషయం చెప్తాను. మీకు గుర్తుండిపోవాలి కాబట్టి మళ్ళీ మళ్ళీ చెప్తాను. ఈ జబ్బు మనిషి ముఖంలో కదలిక తగ్గించేస్తుంది. పిల్లలేమో మన ముఖం చూసే మన మనసు తెలుసుకుంటారు. అందుకని, ముఖం చెప్పలేనిది నోటితో చెప్పాలి.

మన జంషెడ్‌పూర్‌లోనే ఒక ఇల్లు ఊహించుకోండి. కదమాలో క్వార్టరు. తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు కంపెనీలో చేరిన కుటుంబం. అలాంటి కుటుంబాలు ఈ ఊళ్ళో మనకి కొత్త కాదు. నాన్నకి ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఏడాది కిందట జబ్బు బయటపడింది. ఒక రోజు ఎ షిఫ్టు, అంటే పొద్దుటి డ్యూటీ. మధ్యాహ్నం ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూతురు బడి సంచీ గుమ్మంలోనే పడేసి, డిక్టేషన్ పుస్తకం పట్టుకొచ్చింది. పదికి పది. కింద టీచరు ఎర్రసిరాతో చుక్క వేశారు. పాప పుస్తకం నాన్న ఒళ్ళో పెట్టింది. పుస్తకం వంక కాదు, నాన్న ముఖం వంక చూసింది.

నాన్న చూశాడు. లోపల పొంగిపోయాడు. కానీ పెదవి కదల్లేదు. కనుబొమ లేవలేదు. "బాగుందమ్మా" అన్నాడు. ఆ మాట గొంతు దాటి రాలేదు. పాప కాసేపు అలాగే నిలబడింది. పుస్తకం తీసుకుంది. సంచీలో పెట్టి జిప్పు లాగేసింది. మర్నాటి నుంచి పుస్తకాలు అమ్మకే చూపిస్తోంది.

ఆ పాప ఏమనుకుని ఉంటుంది? నాన్నకి నేనంటే ఇష్టం లేదనుకుంటుంది. లేకపోతే, నేనేదో తప్పు చేశాననుకుంటుంది. నాన్నకి ఒంట్లో బాగులేదని ఆ పిల్లకి తెలుసు. చేయి వణుకుతుందని తెలుసు. ముఖం అలా ఉండిపోవడం కూడా ఆ జబ్బే అని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ జబ్బు సంగతి కొంచెం చెప్తాను. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీని గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన పేరే జబ్బుకి వచ్చింది. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 11. ఆ రోజునే ప్రపంచ పార్కిన్సన్స్ దినం జరుపుతారు. మన మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఉంటాయి. ఈ జబ్బులో అవి మెల్లమెల్లగా తగ్గిపోతాయి. దాంతో కదలిక నెమ్మదిస్తుంది. ముఖ్యంగా, మనం ఆలోచించకుండా చేసే చిన్న చిన్న కదలికలు తగ్గుతాయి. నడిచేటప్పుడు చేతులు ఊపడం, కళ్ళార్పడం, ఎదుటివాళ్ళు నవ్వితే తిరిగి నవ్వడం, అన్నీ. రాసే అక్షరాలు చిన్నవైపోతాయి. గొంతు తగ్గిపోతుంది. వణుకు అందరిలోనూ కనిపించదు కూడా. వణుకు లేని పార్కిన్సన్స్ ఉందంటే చాలామంది నమ్మరు.

పెద్దవాళ్ళకి వణుకు బాధ. పిల్లలకి ముఖం బాధ. ఇది నేను గట్టిగా చెప్తాను. వణుకుతున్న చేతిని పిల్లలు వారంలో అలవాటు చేసుకుంటారు. ఆ చేతిని పట్టుకుని ఆడుకుంటారు కూడా. కదలని ముఖాన్ని మాత్రం అలవాటు చేసుకోలేరు.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశారు. తల్లి తన నెలల బిడ్డతో ఆడుతూ, కబుర్లు చెప్తూ ఉంటుంది. ఉన్నట్టుండి ముఖం కదపడం మానేసి ఊరికే చూస్తుంది. రెండు మూడు నిమిషాలు, అంతే. బిడ్డ ముందు నవ్వుతుంది. చేతులు చాపుతుంది. కేక పెడుతుంది. అమ్మ ముఖంలో మార్పు రాకపోతే చూపు తిప్పేసుకుంటుంది. ఏడుస్తుంది. మాటలు రాని బిడ్డకే అంత తెలుస్తుందన్నమాట. అమ్మ మళ్ళీ నవ్వి పలకరిస్తే బిడ్డ మెల్లగా తేరుకుంటుంది. మరి మన ఇంట్లో నాన్న ముఖంలోకి నవ్వు మునుపటంత తొందరగా రాదు. కానీ మాట ఉంది. చేతి స్పర్శ ఉంది. వాటితో పిల్లని దగ్గరికి తీసుకోవచ్చు.

ఎలా? ఆ కదమా ఇంటి నాన్న ఇలా అనాలి. "తల్లీ, నాకు చాలా సంతోషంగా ఉంది. నా జబ్బు వల్ల ముఖానికి నవ్వు రావట్లేదు. లోపల నవ్వుతున్నాను." అని పిల్ల చేయి పట్టుకుని రెండుసార్లు నొక్కాలి. రెండు నొక్కులంటే నవ్వు అని ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకోవాలి. పిల్లలకి ఇలాంటి రహస్యాలు ఎంత ఇష్టమో మీకు తెలుసు. గొంతు రాని రోజున కూడా ఆ నొక్కు పనిచేస్తుంది.

ఇంకొకటి. పిల్లకి ఒక ప్రశ్న నేర్పండి. "నాన్నా, కోపమా, జబ్బా?" ఈ రెండు మాటలు ఎప్పుడైనా అడగొచ్చని చెప్పండి. అడిగితే ఎవరూ తిట్టరని చెప్పండి. నాన్న నిజమే చెప్పాలి. జబ్బు అయితే జబ్బు అనాలి. కోపం వచ్చి ఉంటే, కోపమే అని ఒప్పుకోవాలి. జబ్బు ఉన్న మనిషికి కోపం రాకూడదని ఏమీ లేదు కదా. ప్రతిసారీ జబ్బు మీదకే నెట్టేస్తే పిల్లకి ఆ మాట మీద నమ్మకం పోతుంది.

మొదటిసారి జబ్బు గురించి ఎలా చెప్పాలి అని చాలామంది తటపటాయిస్తారు. నాలుగేళ్ళ పిల్లాడికి నాలుగు మాటలు చాలు. "నాన్నకి పార్కిన్సన్స్ అనే జబ్బు ఉంది. నీ వల్ల రాలేదు. నీకు అంటుకోదు. నాన్నకి నువ్వంటే ఇష్టం." జబ్బు పేరు చెప్పండి. పేరు దాస్తే పిల్లలు వంటింటి గోడ అవతలి నుంచి వింటారు. సగం విని, మిగతా సగం కల్పించుకుంటారు. ఎనిమిదేళ్ళు, పదేళ్ళ పిల్లలకి మందుల సంగతి, మెదడు సంగతి కూడా చెప్పొచ్చు. వాళ్ళు పెద్ద ప్రశ్న ఇంకొకటి అడుగుతారు. "నాకూ వస్తుందా?" ఎక్కువమందిలో ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. చాలా చిన్న వయసులో మొదలైనవాళ్ళలో కొందరికి మాత్రం జన్యువులతో సంబంధం ఉంటుంది. అలాంటి అనుమానం ఉంటే నరాల వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. మీకే తెలియనిది పిల్లలకి ఒట్టు పెట్టి చెప్పకండి.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక మాట. "అల్లరి చేయకు, నువ్వు అల్లరి చేస్తే నాన్నకి వణుకు ఎక్కువవుతుంది." ఈ మాట మన ఇళ్ళలో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో! ఇందులో కొంచెం నిజం ఉంది. కంగారు పడితే వణుకు పెరిగే మాట వాస్తవమే. కానీ ఆ మాట విన్న అయిదేళ్ళ పిల్లాడు ఏమనుకుంటాడు? నాన్న జబ్బుకి నేనే కారణం అనుకుంటాడు. రాత్రిళ్ళు పక్క తడుపుతాడు. పొద్దున్న కడుపునొప్పి అంటాడు. అమ్మమ్మలూ, నాయనమ్మలూ, మీకు దణ్ణం పెట్టి చెప్తున్నాను, ఆ మాట అనకండి. "నాన్న కాసేపు పడుకోవాలి, మనం వరండాలో ఆడుకుందాం రా" అనండి. పని జరుగుతుంది. పిల్లాడి నెత్తిన బరువు పడదు.

వీధిలోంచి వచ్చే మాట ఇంకా కష్టం. ఈ జబ్బు ఉన్న మనిషి అడుగులు చిన్నగా వేస్తాడు. ఒక్కోసారి తూలుతాడు. మాట ముద్దగా వస్తుంది. చూసినవాళ్ళు తాగి వచ్చాడనుకుంటారు. పక్క క్వార్టరు పిల్లాడు బడి బస్సులో ఆ మాట అనేస్తాడు. మన పిల్లకి జబ్బు పేరు తెలిసి ఉంటే, "మా నాన్న తాగలేదు, మా నాన్నకి పార్కిన్సన్స్" అని తిరిగి చెప్పగలదు. తెలియకపోతే తల వంచుకుని ఇంటికొస్తుంది. అందుకే అంటున్నాను, పేరు దాచకండి. హాలీవుడ్ నటుడు మైకేల్ జె. ఫాక్స్‌కి 1991లో ఈ జబ్బు అని తెలిసింది. అప్పుడు ఆయనకి ఇంచుమించు ముప్ఫై ఏళ్ళు. ఇంట్లో రెండేళ్ళ కొడుకు. లోకానికి 1998లో గానీ చెప్పలేదు. ఆ తర్వాత 2000లో ఈ జబ్బు మీద పరిశోధన కోసం ఒక సంస్థే పెట్టారు. అంత పేరున్న మనిషికే బయటికి చెప్పడానికి ఏడేళ్ళు పట్టింది. మనకి భయం వేయడం సహజం. లోకానికి చెప్పడానికి మీరెంత కాలమైనా తీసుకోండి. ఇంట్లో పిల్లలకి మాత్రం ఆలస్యం చేయకండి.

మందుల సంగతికి వస్తాను. దీనికి ఇప్పటికీ ముఖ్యమైన మందు లెవోడోపా. 1960లలో వాడుకలోకి వచ్చింది. కొన్నేళ్ళు వాడాక, ఒక మాత్ర ప్రభావం ఇంకో మాత్ర వేళ దాకా నిలవదు. మాత్ర పనిచేసే వేళ నాన్న చకచకా నడుస్తాడు. ప్రభావం తగ్గే వేళ కుర్చీలోంచి లేవలేడు. పిల్లలకి ఇది అర్థం కాదు. "పొద్దున్న ఆడుకున్నాడుగా, ఇప్పుడు కావాలనే లేవట్లేదు" అనుకుంటారు. వాళ్ళకి మేడ మీది నీళ్ళ ట్యాంకు చూపించి చెప్పండి. మాత్ర వేసుకుంటే ట్యాంకు నిండుతుంది, కుళాయి ధారగా వస్తుంది. ట్యాంకు అడుగంటితే కుళాయి సన్నబడుతుంది. మళ్ళీ మాత్ర వేసుకోవాలి, నిండేదాకా ఆగాలి. కొందరికి మాత్ర బాగా ఎక్కిన వేళ ఒళ్ళు మెలికలు తిరిగినట్టు ఊగుతుంది. అది ట్యాంకు పొర్లడం. పిల్లలు భయపడేది దానికే. ముందే చెప్పి ఉంచితే భయపడరు. "నాన్నా, ట్యాంకు నిండిందా?" అని వాళ్ళే అడుగుతారు.

ఈ ఊళ్ళో ఇంకో చిక్కుంది. షిఫ్టులు. ఈ వారం పొద్దుటి డ్యూటీ, పై వారం మధ్యాహ్నం, ఆ పై వారం రాత్రి. తిండి వేళ మారిపోతుంది. నిద్ర వేళ మారిపోతుంది. మాత్ర వేళ తడబడుతుంది. షిఫ్టు మారినప్పుడల్లా మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో వైద్యుడి దగ్గర రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. పప్పు, గుడ్డు, పాలు లాంటివి తిన్న వెంటనే వేసుకుంటే కొందరికి మాత్ర సరిగ్గా ఎక్కదు. అదీ అడగండి. సొంతంగా మాత్ర ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగా ఉంటుందన్నది నిజమే. అలాగని ఆ పొడి తెచ్చి మాత్రలతో పాటు చెప్పకుండా మింగకండి. ఈ జబ్బుకి ఇచ్చే ఇంకొన్ని మాత్రల వల్ల కొందరిలో జూదం మీదికో, అదే పనిగా కొనడం మీదికో మనసు పోతుంది. ఇంట్లో డబ్బు గొడవలు మొదలైతే పిల్లలు నలిగిపోతారు. అది మనిషి చెడిపోవడం కాదు, మందు చేసే పని. వెంటనే వైద్యుడికి చెప్పండి, మందు మారుస్తారు.

ఇక ట్యాంకు నిండి ఉన్న ఆ గంటా, రెండు గంటలూ చాలా విలువైనవి. మామూలుగా ఏం చేస్తాం? ఆ వేళ చూసుకుని బ్యాంకుకి వెళ్తాం, కరెంటు బిల్లు కట్టొస్తాం, బాత్రూములో పైపు బాగుచేస్తాం. అందులో అరగంట పిల్లలకి పక్కన పెట్టండి. ఆ అరగంటలో ఒక కథ గట్టిగా చదవండి. తగ్గిపోతున్న గొంతుకి గట్టిగా చదవడం మంచి సాధన. గొంతు పెంచి మాట్లాడమని వైద్యులే చెప్తారు. ఇంట్లో పాత చందమామలు ఉంటే బయటికి తీయండి. రాక్షసుడి మాట వస్తే కేకే వేయండి. పిల్లలకి కథ, నాన్నకి గొంతు. బయట హిందీలో బతికే మన పిల్లలకి నాలుగు తెలుగు ముక్కలు కూడా వస్తాయి.

ముఖం చెప్పలేనిది నోటితో చెప్పాలి అన్నాను. ఆ నోటికి బలం కావాలంటే ఇలా రోజూ చదవాలి.

నడకలో పిల్లలు చేయగలిగిన సాయం ఒకటుంది. ఈ జబ్బులో కాళ్ళు ఉన్నట్టుండి నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. గుమ్మం దగ్గర, ఇరుకు దారిలో ఎక్కువ. అలాంటప్పుడు లాగకూడదు, నెట్టకూడదు. "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అని తాళం వేసినట్టు లెక్కపెడితే అడుగు పడుతుంది. నేల మీద అడ్డంగా గీతలుంటే, ఆ గీత దాటాలని చూసినప్పుడు కాలు లేస్తుంది. గుమ్మం ముందు అడుగుకో గీత చొప్పున రంగు టేపు అంటించండి. ముగ్గుపిండి వద్దు, జారుతుంది. టేపు అంటించే పని పిల్లలకే ఇవ్వండి. ఎంత గర్వంగా చేస్తారో చూడండి.

కానీ ఇక్కడ ఒక హద్దు ఉంది. లెక్కపెట్టడం పిల్లల పని. మంచినీళ్ళు తేవడం పిల్లల పని. నాన్న పడిపోతే లేపడం పిల్లల పని కాదు. మాత్రలు గుర్తుపెట్టుకోవడం పిల్లల పని కాదు. "నువ్వే ఇంటికి పెద్దవాడివి" అని ఎనిమిదేళ్ళవాడితో అనడం అన్యాయం. వాడికి క్రికెట్టు ఉంది. వాడికి జూబిలీ పార్కు ఉంది. మార్చి 3న కంపెనీ వ్యవస్థాపక దినానికి దీపాలు చూడ్డానికి వెళ్ళాలి. నాన్న రాలేకపోతే బాబాయ్‌తోనో మామయ్యతోనో వెళ్ళాలి. వెళ్ళొచ్చి, నాన్నకి చెప్పాలి.

ఇప్పటిదాకా నాన్న, నాన్న అంటున్నాను. అమ్మకి ఈ జబ్బు వస్తే ఇల్లు ఇంకోలా కదులుతుంది. పొద్దున్నే పిల్లకి జడ వేయాలి. వేళ్ళు పాయలు పట్టుకోలేవు. బడి చొక్కా బొత్తాలు పెట్టలేవు. బస్సు వచ్చేస్తుంది. పిల్ల ఏడుస్తుంది. అమ్మ ముఖంలో ఏమీ కనిపించదు, లోపల మాత్రం గుండె చెరువైపోతుంది. అలాంటి ఇంట్లో జుట్టు కొంచెం పొట్టిగా కత్తిరించి రబ్బరు బ్యాండు పెట్టేయండి. బొత్తాల పని నాన్న నేర్చుకోవాలి, తప్పదు. అమ్మ ఒక్క పని తనకోసం ఉంచుకోవాలి. పొద్దున్న పిల్ల తలకి నూనె రాయడం లాంటిది. వణికే చేతితో కూడా అది చేయొచ్చు. రాస్తూ మాట్లాడాలి. "ఇవాళ నీకు డ్రాయింగు ఉందిగా, నాకు భలే సరదాగా ఉంది" అనాలి. ముఖం చెప్పలేనిది నోటితో చెప్పాలి. ఈ మాట అమ్మకి రెండింతలు వర్తిస్తుంది, ఎందుకంటే పిల్లలు అమ్మ ముఖాన్నే ఎక్కువ చదువుతారు.

చుట్టుపక్కలవాళ్ళకి ఒక విన్నపం. కదమాలో, సోనారీలో, టెల్కోలో, బర్మామైన్స్‌లో మన తెలుగువాళ్ళు దగ్గర దగ్గరగానే ఉంటారు. బిష్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమికి అందరం కలుస్తాం. "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటాం. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడూ ఏమీ చెప్పరు. "శనివారం సాయంత్రం మా పిల్లలతో పాటు మీ పిల్లల్నీ తీసుకెళ్తాను" అని రోజు, వేళ రెండూ చెప్పండి. జబ్బు లేని రెండో మనిషికి ఆ రెండు గంటలు ఊపిరి. ఆ మనిషి గురించి ఎవరూ అడగరు.

బడిలో క్లాసు టీచరుకి చెప్పండి. పిల్ల ఉన్నట్టుండి మూగబోయినా, చిన్నదానికీ ఏడుస్తున్నా, చదువు జారిపోతున్నా, టీచరుకి కారణం తెలిసి ఉండాలి. మనసు బాగా కుంగితే ప్రభుత్వం వారి టెలిమానస్ అనే ఫోను సేవ ఉంది. 2022లో మొదలైంది. నంబరు 14416. మళ్ళీ చెప్తున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బు కట్టక్కర్లేదు. ఎదురుగా వెళ్ళి చూపించుకోవాలంటే రాంచీ కాంకేలో 1918 నుంచి నడుస్తున్న కేంద్ర మనోచికిత్సా సంస్థ ఉంది. పిల్లల్ని కూడా చూస్తారు. రోగికి కూడా దిగులు జబ్బు తోడవడం మామూలే. దానికీ మందు ఉంది. ఇక హక్కుల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్‌ని చేర్చారు. వైకల్యం నలభై శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ధ్రువపత్రం తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగం తీసేయకూడదని ఆ చట్టమే చెప్తోంది.

చివరగా, పిల్లలు అడిగే కష్టమైన ప్రశ్న. ఏ స్నానం చేయిస్తున్నప్పుడో, ఏ దీపం ఆర్పేసిన వేళో అడుగుతారు. "నాన్న చచ్చిపోతాడా?" ఉలిక్కిపడి నోరు మూయకండి. "ఛ, అలాంటి మాటలు అనకూడదు" అనకండి. ఇలా చెప్పండి. "ఈ జబ్బుతో చాలామంది చాలా ఏళ్ళు బతుకుతారు. నాన్న నడక ఇంకా నెమ్మదిస్తుంది. మందులు పెరుగుతాయి. నువ్వు పెద్దవుతుంటే నాన్న చూస్తూనే ఉంటాడు. ఏదైనా మార్పు వస్తే ముందు నీకే చెప్తాం." ఆ మాట ఇచ్చాక నిలబెట్టుకోండి. పిల్లలు పది రోజుల తర్వాత మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు. విసుక్కోకండి. అవే మాటలు, అదే గొంతుతో, మళ్ళీ చెప్పండి.